క్రూయిజ్ షిప్‌లో ఫోన్ వాడకం: ఊహించని బిల్లు రాకుండా ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను గాల్వెస్టన్ నుంచో మయామీ నుంచో షిప్ ఎక్కించడం ఇప్పుడు మామూలైపోయింది. ఇటు మిర్యాలగూడ, నల్లగొండ, జడ్చర్ల వైపు విత్తనాలు, పురుగుమందుల డీలర్లు సింగపూర్ టూర్‌కు వెళ్తే అందులో ఒక క్రూయిజ్ కూడా కలుస్తోంది. వెళ్లబోయేవాళ్లు చాలామంది అడిగేది ఒకటే: "షిప్‌లో ఫోన్ వాడితే ఎంత పడ్తది? వాడకపోయినా పడ్తదా?"

వాడకపోయినా పడొచ్చు. జేబులో ఊరికే ఉన్న ఫోన్ కూడా బిల్లు తెచ్చిపెట్టగలదు. అలా కాకుండా ఉండాలంటే ఇంటి దగ్గర చేయాల్సినవి కొన్ని, షిప్ ఎక్కిన రోజు చేయాల్సినవి కొన్ని, ఒడ్డున దిగిన ప్రతిసారీ చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వరస తప్పకుండా చేస్తే టెన్షన్ లేదు.

1. ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూడండి

సోమశిల నుంచి శ్రీశైలం లాంచీలో పోతుంటే నల్లమల కొండల మధ్యకు రాగానే సిగ్నల్ పోతుంది. పోతే పోయింది, ఒడ్డుకు చేరాక మళ్లీ వస్తుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. సముద్రంలో సిగ్నల్ పోయి ఊరుకోదు, దాని స్థానంలో వేరే సిగ్నల్ వస్తుంది. చిక్కంతా అక్కడే.

పెద్ద క్రూయిజ్ షిప్పుల్లో సొంత సెల్ టవర్ల లాంటి ఏర్పాటు ఉంటుంది. అది ఉపగ్రహం ద్వారా ఒడ్డుతో కలుస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్నంతసేపు దాన్ని ఆపి ఉంచుతారు, దూరం పోయాక ఆన్ చేస్తారు. 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు దాటితే అంతర్జాతీయ జలాలు అన్నది మీరు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క. అప్పటిదాకా స్క్రీన్ పైన మీ కంపెనీ పేరో, ఆ దేశపు నెట్‌వర్క్ పేరో కనిపించిన చోట "901-18" అనో "901-12" అనో, లేదంటే "సెల్యులార్ ఎట్ సీ", "టెలినార్ మారిటైమ్" లాంటి పేరో కనిపిస్తుంది. 901 అన్నది ఏ దేశానికీ చెందని నెట్‌వర్క్‌లకు ఇచ్చే నంబరు. అది కనిపించిందంటే మీ ఫోన్ మిమ్మల్ని అడగకుండానే షిప్ టవర్‌ని పట్టుకుందని అర్థం.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు సంగతులను ఒకటే అనుకుంటారు.

షిప్ వైఫై అంటే షిప్ కంపెనీ అమ్మే ఇంటర్నెట్. ధర ముందే తెలుస్తుంది, కొంటేనే డబ్బు పోతుంది. షిప్ సెల్ నెట్‌వర్క్ అంటే మీ సిమ్ కంపెనీ ద్వారా జరిగే రోమింగ్. ధర కళ్లముందు ఉండదు, ఇంటికొచ్చాక బిల్లులో చూస్తారు. కాల్ అయితే నిమిషానికి వందల రూపాయలు కావచ్చు, డేటా అయితే ఎంబీల లెక్కన పడుతుంది. మామూలు ఫోన్ ఫొటో ఒకటే 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది.

కాబట్టి చేయాల్సిందంతా ఒక్కటే. సెల్ నెట్‌వర్క్‌ని పూర్తిగా మూసేసి, అవసరమైతే వైఫై మాత్రం తెరిచి ఉంచాలి. మిగతా గైడ్ అంతా ఆ పని ఎక్కడా జారకుండా చేయడం గురించే.

2. బయల్దేరడానికి వారం ముందు: సిమ్ కంపెనీ పని

మీ నంబరు ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా అన్నది మొదట చూడండి. ప్రీపెయిడ్‌లో రోమింగ్ ప్యాక్ వేయించకపోతే నష్టం ఉన్న బ్యాలెన్స్ దాకానే. పోస్ట్‌పెయిడ్‌లో మీటరు తిరుగుతూనే ఉంటుంది. మనవైపు వ్యాపారం చేసేవాళ్లవి ఎక్కువగా పోస్ట్‌పెయిడ్ నంబర్లే, వాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలి.

మా బంధువుల్లో ఒకాయనకు అలాగే అయింది. పోస్ట్‌పెయిడ్ నంబరు, విదేశీ ప్యాక్ వేయించుకున్నారు, డేటా రోమింగ్ ఆన్ చేసుకున్నారు, నిశ్చింతగా షిప్ ఎక్కారు. రాత్రి ఫోన్ చార్జింగ్‌కి పెట్టి పడుకుంటే ఊళ్లో పెళ్లి గ్రూపు నుంచి వీడియోల మీద వీడియోలు దిగుతూనే ఉన్నాయి. ఆయన ఒక్క వీడియో కూడా తెరిచి చూడలేదు. ప్యాక్ సింగపూర్‌కూ మలేషియాకూ పనికొస్తుంది కానీ షిప్ నెట్‌వర్క్ అందులో లేదు. కంపెనీ వాళ్లు బిల్లు కొంచెం కూడా తగ్గించలేదు.

అందుకే ప్యాక్ కొనేటప్పుడు దేశాల పేర్లు చూసి ఆగిపోవద్దు. ఆ ప్యాక్ పనిచేసే నెట్‌వర్క్‌ల జాబితా కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఉంటుంది. అందులో షిప్ నెట్‌వర్క్ పేరు స్పష్టంగా రాసి ఉంటేనే ఉన్నట్టు. "అన్ని దేశాలూ కవర్ అవుతాయి సార్" అని షాపులో చెప్పిన మాటకు విలువ లేదు, ఎందుకంటే షిప్ ఏ దేశమూ కాదు. విమానంలో వాడుకునే ఇన్‌ఫ్లైట్ ప్యాక్‌ని చూసి షిప్‌కి కూడా పనికొస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. అది వేరు, ఇది వేరు.

అమెరికాలో పిల్లలు ఇప్పించిన నంబరుకీ ఇదే సూత్రం. మెక్సికోలో ఫ్రీ అన్న ప్లాన్ మెక్సికో నేల మీద ఫ్రీ. గాల్వెస్టన్ నుంచి కోజుమెల్‌కు వెళ్లే దారిలో సముద్రం మీద కాదు.

కాల్ ఫార్వర్డింగ్ కూడా తీసేయండి. మీరు ఎత్తని కాల్ వాయిస్‌మెయిల్‌కో ఇంకో నంబరుకో మళ్లితే రోమింగ్‌లో దానికీ చార్జీ పడే అవకాశం ఉంది. ఇండియాలో ఉండగానే ##002# డయల్ చేస్తే అన్ని రకాల ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి.

ఒడ్డున కూడా ఇండియా సిమ్ అక్కర్లేదు, వైఫై చాలు అనుకునేవాళ్లు కంపెనీకి చెప్పి ఇంటర్నేషనల్ రోమింగ్‌నే ఆపించుకోవచ్చు. అన్నిటికన్నా గట్టి తాళం అదే. కాకపోతే బ్యాంకు ఓటీపీలు రావు, అది చూసుకుని నిర్ణయించుకోండి.

3. బయల్దేరే ముందు రోజు: ఫోన్ లోపలి పని

ఇంట్లో వైఫై ఉన్నప్పుడు, తీరిగ్గా కూర్చుని చేయండి. ఎయిర్‌పోర్టులో హడావిడిగా చేస్తే ఏదో ఒకటి మరిచిపోతారు.

☐ డేటా రోమింగ్ ఆఫ్. రెండు సిమ్‌లుంటే రెండింటికీ విడివిడిగా చూడాలి.

☐ వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మీడియా ఆటో డౌన్‌లోడ్. ఆండ్రాయిడ్ ఫోన్లో అక్కడ మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ అని మూడు ఉంటాయి. మూడింటిలోనూ ఫొటోలు, ఆడియో, వీడియోలు, డాక్యుమెంట్ల టిక్ తీసేయండి.

☐ ఫొటోల బ్యాకప్, యాప్‌ల ఆటో అప్‌డేట్ ఆఫ్.

☐ వైఫై బలహీనంగా ఉంటే దానంతట అదే మొబైల్ డేటాకు మారే ఆప్షన్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటుంది. అది ఆఫ్.

☐ రెండు సిమ్‌లున్న ఫోన్లో ఒకదాని డేటా అందకపోతే రెండో సిమ్‌కి మారే ఆప్షన్ ఆఫ్.

☐ వైఫై కాలింగ్ ఆఫ్. షిప్ వైఫై మీద మామూలు డయలర్ నుంచి కాల్ చేస్తే అది ఫ్రీ అనుకోవద్దు, మీ కంపెనీ రోమింగ్ లెక్కలోనో అంతర్జాతీయ కాల్ లెక్కలోనో వేయొచ్చు. వాట్సాప్ కాల్‌కి ఈ గొడవ లేదు.

☐ దిగబోయే ఊళ్ల గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌గా డౌన్‌లోడ్.

☐ బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్స్ కాగితాల ఫొటోలు ఫోన్లోనే సేవ్. క్లౌడ్‌లో ఉన్నాయిలే అని వదిలేస్తే అవసరమైనప్పుడు తెరుచుకోవు.

☐ షిప్ కంపెనీ యాప్ డౌన్‌లోడ్ చేసి లాగిన్ అయి ఉండండి. షిప్ ఎక్కాక దాన్ని దించుకోవాలంటే తిప్పలు.

☐ కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేసి, మీకు తగిన లిమిట్ పెట్టుకోండి. చాలా కార్డులకు ఇది మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది. షిప్ మీద ఖర్చంతా గది తాళంగా ఇచ్చే కార్డు మీదే రాసుకుని చివర్లో మీ బ్యాంకు కార్డు నుంచి తీసుకుంటారు.

సిమ్ తీసి పర్సులో పెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. తీయొద్దు. బ్యాంకు యాప్, యూపీఐ యాప్ ఆ సిమ్‌తో కట్టి ఉంటాయి, తీసి మళ్లీ వేస్తే వెరిఫికేషన్ మళ్లీ అడగొచ్చు. ఆ వెరిఫికేషన్‌కి మీ ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి, విదేశంలో అది ఇంకో తలనొప్పి. ఐఫోన్ వాళ్లు ప్రయాణం మధ్యలో ఐమెసేజ్, ఫేస్‌టైమ్‌లను ఆఫ్ చేసి ఆన్ చేయొద్దు. యాక్టివేషన్ కోసం ఫోన్ దానంతట అదే ఒక అంతర్జాతీయ ఎస్సెమ్మెస్ పంపుతుంది.

4. ఇంటి దగ్గరివాళ్లకు చెప్పాల్సింది

దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకైతే ఇది చాలా ముఖ్యం. మీరు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే ఊళ్లో నుంచి చేసిన ప్రతి కాల్‌కీ స్విచ్ఛాఫ్ అనో, అందుబాటులో లేరనో వస్తుంది. వరసగా మూడు రోజులు అదే వింటే హాలియాలో ఉన్న అమ్మకో అత్తమ్మకో ప్రాణం నిలవదు.

బయల్దేరే ముందే వివరంగా చెప్పండి: "అమ్మా, శుక్రవారం నుంచి సోమవారం దాకా నా నంబర్ కలవదు, భయపడకు, రోజూ రాత్రి నేనే వాట్సాప్‌లో చేస్తా." షిప్ పేరు, గది నంబరు, షిప్ కంపెనీ అత్యవసర నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో బాధ్యతగా ఉండే ఒకరికి ఇవ్వండి. నిజంగా అవసరం పడితే వాళ్లు షిప్ కంపెనీకి ఫోన్ చేస్తే మీ గదికి కబురు అందుతుంది.

5. షిప్ వైఫై కొనాలా?

మూడు నాలుగు రోజుల ట్రిప్పు, ఇంటి దగ్గర చూసుకునేవాళ్లున్నారు, వ్యాపారం ఆగదు అంటే కొనకపోయినా గడుస్తుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నా, చిన్నపిల్లలను వదిలి వచ్చినా కొనండి. ఆ డబ్బు దగ్గర వెనకాడొద్దు.

కొనేటట్లయితే షిప్ ఎక్కకముందే ఆన్‌లైన్‌లో కొనండి, చాలా కంపెనీల్లో ముందే కొంటే తక్కువ పడుతుంది. ధర ఎన్ని పరికరాలకో చూడండి, సాధారణంగా ఒక ప్యాకేజీ అంటే ఒక్క సమయంలో ఒక్క ఫోన్. నలుగురున్న కుటుంబం ఒక్కటే కొని, ఒకరు లాగౌట్ అయ్యాక ఇంకొకరు లాగిన్ అయి వాడుకోవచ్చు. హాట్‌స్పాట్ పెట్టి పంచుకుందామంటే చాలాచోట్ల కుదరదు. చవక ప్యాకేజీలో వీడియోలు ఆడకపోవచ్చు, మనవడిని వీడియో కాల్‌లో చూడాలని కొనేవాళ్లు ఆ వివరం చదివాకే డబ్బు కట్టాలి. ఇప్పుడు స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టిన షిప్పుల్లో వీడియో కాల్ బాగానే వస్తోంది.

ఐఫోన్‌లోనూ కొన్ని ఆండ్రాయిడ్‌లలోనూ "ప్రైవేట్ అడ్రస్" అని, ఫోన్ తన అసలు గుర్తింపు నంబరును దాచి వేరేది చూపించే ఒక సెట్టింగ్ ఉంటుంది. ఆ నంబరు మారినప్పుడల్లా షిప్ సిస్టమ్ మీ ఫోన్‌ని కొత్త ఫోన్ అనుకుంటుంది, మీరు కొన్న ప్యాకేజీ అయిపోయినట్టు చూపిస్తుంది. షిప్ వైఫై వరకు దాన్ని ఆఫ్ చేస్తే సరి.

6. షిప్ ఎక్కిన రోజు

ఒక్కొక్కటిగా, ఇదే వరసలో:

ఒకటి, టెర్మినల్‌లో ఉండగానే ఇంటికి చివరి కాల్ చేసేయండి. రావాల్సిన ఓటీపీలుంటే అక్కడే తెప్పించుకోండి.

రెండు, గదిలోకి రాగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్. షిప్ కదిలేదాకా ఆగొద్దు. కదిలాక అందరూ డెక్ మీదకు పోయి ఫొటోల్లో పడతారు, ఫోన్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మూడు, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉంచే వైఫై ఆన్ చేయండి. పైన చిన్న విమానం బొమ్మా, దాని పక్కన వైఫై గీతలూ రెండూ కనిపించాలి. విమానం బొమ్మ లేకుండా వైఫై గీతలు మాత్రమే ఉంటే పని సగమే అయినట్టు.

నాలుగు, షిప్ వైఫైకి కలిసి యాప్ తెరవండి. ఇంటర్నెట్ కొనకపోయినా యాప్‌లో భోజనం వేళలు, కార్యక్రమాలు, మీ ఖర్చుల లెక్క చూసుకోవచ్చు. లోపలివాళ్లతో చాట్ చేసే వీలు కొన్ని షిప్పుల్లో ఉచితం, కొన్నింట్లో చిన్న రుసుము ఉంటుంది.

ఐదు, కుటుంబంలో అందరి ఫోన్లూ చేతిలోకి తీసుకుని మీరే చూడండి. సిమ్ ఉన్న ట్యాబ్, ఈసిమ్ (పరికరం లోపలే ఉండే సిమ్) ఉన్న స్మార్ట్‌వాచ్ కూడా. ఫోన్ జాగ్రత్తగా మూసేసి చేతి గడియారాన్ని మరిచిపోతే అది కూడా షిప్ టవర్‌ని పట్టుకుంటుంది.

నాన్నకు ఇదంతా ఒక్కసారి చెబితే గుర్తుండదు. ఫోన్ కవర్ వెనక ఒక చీటీ అంటించండి, పెద్ద అక్షరాలతో: "నాయినా, విమానం బొమ్మ పోతే నాకు చూపించు."

7. సముద్రం మీద ఉన్నప్పుడు

గదిలో ఉన్న ఫోన్ నుంచి వేరే గదికి చేస్తే డబ్బు పడదు. అదే ఫోన్ నుంచి ఇండియాకు చేస్తే ఉపగ్రహం కాల్, నిమిషానికి డాలర్ల లెక్క. దాని జోలికి పోవద్దు.

ఫోన్ లేకుండా ఒకరినొకరు కనిపెట్టడం ఎలా అంటే, కలిసే చోటూ వేళా పొద్దున్నే అనుకోండి. ఒంటిగంటకు ఫలానా అంతస్తులో లిఫ్టు దగ్గర అని. గదిలో ఒక పుస్తకం పెట్టి ఎక్కడికి పోతున్నారో రాసిపెట్టే అలవాటు పెద్దవాళ్లకు బాగా నచ్చుతుంది, పనిచేస్తుంది కూడా.

ఓటీపీ కోసం ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయొద్దు, ఒక్క నిమిషమే కదా అని కూడా. ఆ నిమిషంలోనే మొత్తం నెట్‌వర్క్ పట్టుకుని, ఆగి ఉన్నవన్నీ ఒక్కసారిగా కదులుతాయి. చిట్టీ డబ్బులు, ఈఎంఐలు, కరెంటు బిల్లు లాంటివి బయల్దేరకముందే కట్టేయండి. తప్పనిసరైతే పోర్టులో దిగాక చూసుకోవచ్చు.

టైమ్ గురించి ఒక మాట. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఫోన్ గడియారం దానంతట అది సరిగా మారకపోవచ్చు. ఒడ్డున సిగ్నల్ పట్టుకుంటే ఆ దేశపు టైమ్‌కి మారిపోవచ్చు. షిప్ మాత్రం తన టైమ్ ప్రకారమే బయల్దేరుతుంది. ఆటోమేటిక్ టైమ్ ఆఫ్ చేసి షిప్ టైమ్ చేత్తో పెట్టుకోండి, లేదా మామూలు చేతి గడియారం వాడండి.

8. పోర్టులో దిగినప్పుడు

ఒడ్డున సిగ్నల్ కావాలంటే షిప్ దిగి, టెర్మినల్ దాటాక ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయండి. వెంటనే స్క్రీన్ మీద నెట్‌వర్క్ పేరు చదవండి. 901 తో మొదలయ్యేదో, షిప్ నెట్‌వర్క్ పేరో ఉంటే మళ్లీ ఎయిర్‌ప్లేన్ మోడ్. ఆ దేశపు కంపెనీ పేరు ఉండి, మీ ప్యాక్‌లో ఆ దేశం ఉంటేనే డేటా రోమింగ్ ఆన్.

సరిహద్దులు దగ్గరగా ఉన్నచోట ఇంకో జాగ్రత్త. సింగపూర్ తీరంలో ఉండగానే ఎదురుగా ఉన్న ఇండోనేషియా బటామ్ టవర్ తగలొచ్చు, సింగపూర్ ఒక్కదానికే ప్యాక్ ఉన్నవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు. చెన్నై నుంచి శ్రీలంక వైపు వెళ్లే షిప్పుల్లోనూ అంతే. ధనుష్కోటి ఒడ్డున నిలబడితేనే శ్రీలంక సిగ్నల్ తగులుతుంది, సముద్రంలో చెప్పేదేముంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ సెలక్షన్‌ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, మీ ప్యాక్‌లో ఉన్న నెట్‌వర్క్‌ని మీరే ఎంచుకుంటే ఈ బెడద తగ్గుతుంది.

ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వెళ్లేవాళ్లకు ఒడ్డున దిగితే మన దేశమే కాబట్టి రోమింగ్ చార్జీలు లేవు. దారిలో సముద్రం మీద మాత్రం ఎయిర్‌ప్లేన్ మోడే.

తిరిగి షిప్ ఎక్కే వరసలో నిలబడగానే డేటా రోమింగ్ ఆఫ్, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్. చాలామంది జారేది ఇక్కడే. మొదటి రోజు శ్రద్ధగా చేసినవాళ్లే రెండో పోర్టు నుంచి అలసిపోయి వచ్చి మరిచిపోతారు.

9. జరిగే పొరపాట్లు, వెంటనే చేయాల్సింది

ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసి ఉందని రాత్రి చూసుకున్నారు: ముందు ఆన్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో రోమింగ్ డేటా ఎంత వాడిందో చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. మెసేజ్‌లేమైనా వచ్చి ఉంటే చెరపొద్దు.

"ప్యాక్ ఉంది కదా" అని షిప్ మీద డేటా ఆన్ చేశారు: ఆఫ్ చేసి, వైఫై దొరికినప్పుడు కంపెనీ యాప్‌లో అప్పటిదాకా పడిన చార్జీ చూడండి. ప్యాక్ లోపల కోతా, బయట కోతా అన్నది అక్కడే తేలుతుంది.

తెలియని నంబరు నుంచి మామూలు కాల్ వచ్చి ఎత్తారు: రోమింగ్‌లో వచ్చిన కాల్‌కి కూడా మీకే డబ్బు పడుతుంది. మాట పొడిగించకుండా పెట్టేసి వాట్సాప్‌లో తిరిగి చేయండి.

వైఫై ప్యాకేజీ నిమిషాల లెక్క అయితే బ్రౌజర్ మూసేసినంత మాత్రాన ఆగదు. లాగౌట్ పేజీకి వెళ్లి బయటకు రావాలి.

10. అయినా బిల్లు వచ్చేస్తే

ఇంటికొచ్చాక మొదటి బిల్లుని వరస వరసగా చదవండి. తేదీ, టైమ్, నెట్‌వర్క్ పేరు చూసి, ఆ టైమ్‌లో షిప్ ఎక్కడుందో మీ టూర్ షెడ్యూలుతో పోల్చండి. మీరు పోర్టులో ఉన్న టైమ్‌లో షిప్ నెట్‌వర్క్ చార్జీ పడి ఉంటే గట్టిగా అడగడానికి మీకు ఆధారం ఉన్నట్టే.

కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు రాయించి డాకెట్ నంబరు (మీ ఫిర్యాదుకు ఇచ్చే నంబరు) తప్పకుండా తీసుకోండి. నోటిమాటగా "చూస్తాం సార్" అంటే ఒప్పుకోవద్దు. వాళ్ల జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, అక్కడికి అప్పీలు చేయండి. దీనికి ఫీజు లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి నేరుగా రాస్తే విడివిడి ఫిర్యాదులు వాళ్లు పరిష్కరించరు, ఆ దారిలో రోజులు పోగొట్టుకోవద్దు. అప్పీలు తర్వాత కూడా అన్యాయం అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు బిల్లు, స్క్రీన్‌షాట్లు, ప్యాక్ కొన్న రోజు వచ్చిన మెసేజ్, డాకెట్ నంబరు అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టుకుని వెళ్లండి.